పెన్న నుంచి తుంగభద్ర దాకా సైకిల్ మీద

ఈ సంక్రాంతి సెలవుల్లో నేనూ మా బావమరిదీ కడప నుంచి కర్నూలు మీదుగా అలంపురం దాకా సైకిళ్ల మీద వెళ్లాం. రెండు వందల కిలోమీటర్లు దాటిన ఆ దారిలో నాకు బాగా గుర్తుండిపోయినవి వంతెనలు. కార్లో వెళ్లేటప్పుడు చెన్నూరు వంతెన ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో గమనించను. సైకిల్ మీద మాత్రం దాన్ని దాటడమే ఒక పని.

కడప వదిలిన గంటలోపే చెన్నూరు దగ్గర పెన్న ఎదురవుతుంది. చిత్రావతిని, కుందూను, పాపాఘ్నిని ఎగువనే కలుపుకొని వచ్చిన ఏరది. అయినా ఆ ఉదయం మాకు కనిపించింది కనుచూపు మేర ఇసుక, అక్కడక్కడ కంపచెట్లు, ఒక పక్కగా పాయలా పారుతున్న కాసిని నీళ్లు. "ఇన్ని నీళ్లకు ఇంత బ్రిడ్జి ఎందుకు కట్టినారు బావా?" అని మా బావమరిది అడిగాడు. 2021 నవంబరు వరదలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలిన సంగతి గుర్తు చేశాను. వంతెన పొడవును బట్టి ఏట్లో ఇప్పుడు ఎన్ని నీళ్లున్నాయో తెలియదు, ఎన్ని రాగలవో తెలుస్తుంది.

వంతెన ఎక్కాక నన్ను భయపెట్టింది కింద ఉన్న ఏరు కాదు, పక్క నుంచి వీచే గాలి. రోడ్డు మీద చెట్లూ ఇళ్లూ ఎంతో కొంత అడ్డుకునే గాలి, ఏటి మధ్యకు వచ్చేసరికి ఏ అడ్డూ లేకుండా తగులుతుంది. పుష్యమాసం కాబట్టి అది ఈశాన్యం నుంచి, అంటే మా కుడి చేతి వైపు నుంచి వీస్తోంది. దానికి తట్టుకోవడానికి మనకు తెలియకుండానే ఒళ్లు కుడి వైపు వంచి తొక్కుతాం. అంతలో వెనక నుంచి ఒక లారీ వచ్చి పక్కనే సాగిపోతుంది. అది అడ్డం వచ్చిన ఆ రెండు క్షణాలు గాలి ఆగిపోతుంది కనుక, వంగి ఉన్న సైకిల్ నేరుగా లారీ వైపే ఒరుగుతుంది. లారీ దాటగానే ఆగిన గాలి ఒక్కసారిగా వచ్చి పిట్టగోడ వైపు తోస్తుంది. ఆ పిట్టగోడ సైకిల్ మీద కూర్చున్న మనిషికి నడుము ఎత్తు కూడా రాదు. మొదటి లారీకి నా ప్రాణం లేచిపోయింది. నాలుగో లారీ వచ్చేసరికి చప్పుడు వినగానే హ్యాండిల్ వదులుగా పట్టుకుని, ఒళ్లు నిటారుగా చేసుకోవడం అలవాటైంది.

లారీలకు భయపడి మరీ అంచుకు పోవడమూ మంచిది కాదని అక్కడే తెలిసింది. వాననీళ్లు పోవడానికి పిట్టగోడ కింద విడిచిన తూముల దగ్గర మెత్తటి ఇసుక మేటలు వేసి ఉంటుంది. నా ముందు చక్రం అందులో దిగి పక్కకు జారితే కాలు ఆనించి నిలదొక్కుకున్నాను గాని, వెనక కట్టిన సంచి కొక్కెం ఊడి రోడ్డు మీద పడింది. ఎండకు కాంక్రీటు సాగినా ఇబ్బంది రాకుండా పలకల మధ్య విడిచే సందులు మరో బెడద. వాటిని అడ్డంగా, తిన్నగా దాటితే ఒక్క కుదుపుతో పోతుంది. ఏటవాలుగా వెళితే సన్నటి టైరు అందులో ఇరుక్కుంటుంది.

నంద్యాల దగ్గర కుందూను దాటడం పెద్ద విశేషమేమీ కాదు. ఓర్వకల్లులో టీ కొట్టు పెద్దాయన మా వాలకం చూసి "యాడికి నాయనా, సైకిళ్లేసుకొని?" అన్నాడు. అలంపురానికని చెబితే, "బస్సులు లేవా?" అని అడిగి టీ వడగట్టుకోవడంలో పడ్డాడు.

కర్నూల్లో ఒక వింత చూడకుండా ముందుకు పోలేకపోయాను. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి వచ్చే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ అక్కడ హంద్రీని వంతెన మీద దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ; ఒక నీళ్ల మీదుగా మరో నీళ్లు వెళ్లిపోతుంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన ఈ కాలువ మీద అప్పట్లో పడవలు కూడా నడవాలని అనుకున్నారట. వంతెన దాటడానికి మేము ఇంత అవస్థ పడుతుంటే, ఆ నీళ్లు మాత్రం ఏ తొందరా లేకుండా దాటిపోతున్నాయి.

తుంగభద్ర వంతెన మీదకు మరునాడు ఏడు గంటలకే వెళ్లాం. లారీల రద్దీ తక్కువగా ఉంటుందని అనుకున్నది పొరపాటే. అది హైదరాబాదు, బెంగుళూరుల మధ్య జాతీయ రహదారి, దానికి వేళాపాళా ఉండదు. నదిలో బండల మధ్య మడుగులు, వాటి పక్కన ఇసుక దిబ్బలు, దిబ్బల మీద కొంగలు. 2009 అక్టోబరు 2న ఇదే తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. ఆ వరదలకు దిగువన శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు చేరింది. ఆ బండల్ని చూస్తూ ఆ సంగతి నమ్మడం కష్టం. వంతెన మధ్యలో ఆగకూడదన్నది నా నియమమే అయినా, అక్కడ మాత్రం ఆగాను.

అప్పుడే పక్క నుంచి వెళ్లిన బస్సు కిటికీలోంచి ఎవరో నదికి నాణెం విసిరారు. అది పిట్టగోడకు తగిలి వెనక్కి ఎగిరి, దొర్లుకుంటూ వచ్చి నా చక్రం దగ్గర పడింది. రెండు రూపాయల బిళ్ల. మా బావమరిది దాన్ని తీసి, కళ్లకద్దుకుని, వాళ్ల తరఫున తనే నదిలోకి విసిరాడు. కింద నీళ్ల చప్పుడు రాలేదు. బండ మీద పడి ఖంగుమంది. పిట్టగోడ మీదుగా కాసేపు తొంగి చూసి, "వానలకు తీసుకుంటుందిలే బావా" అంటూ సైకిలెక్కాడు.