బత్తాయి తోటలో ఎనిమిది నిమిషాల సినిమా

మా పెద్దనాయన తోట కొట్టేస్తానని చెప్పిన రోజే ఈ సినిమా మొదలైంది. నల్లగొండ చుట్టుపక్కల బోరు ఎండి బత్తాయి తోట పోవడం కొత్త సంగతేమీ కాదు. కానీ ఇది నేను చిన్నప్పుడు పడుకుని ఆడుకున్న తోట. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న కానన్ 200డీ, ఒక 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. కథ రెండు ముక్కలు: చెట్లు నరికే ముందురోజు రైతు తోటంతా తిరుగుతాడు, పొద్దుగూకే వేళకు కట్టె కొనే బేరగాడు వస్తాడు. రైతు పెద్దనాయనే. మా చిన్నాయన కొడుకు బేరగాడు, మిగతా సమయంలో ముఖం మీదికి వెలుగు తిప్పే థర్మాకోల్ అట్ట పట్టుకునేదీ వాడే.

మొదటి ఆదివారం పొద్దున పదకొండుకు మొదలుపెట్టి మూడింటిదాకా తీశాం. అంతా పోయింది. వెనక మసకగా ఉంటే సినిమాలా కనిపిస్తుందని లెన్సు రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 2.8 దగ్గర పెట్టాను. ఎండ తట్టుకోలేక షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకనులో 1/3200 వంతుకి పోయింది. ఇంటికొచ్చి చూస్తే పెద్దనాయన నడక ముక్కలు ముక్కలుగా, అదురుతున్నట్టు ఉంది. తెల్ల ధోతి అయితే మడతలే కనిపించకుండా సున్నం పూసినట్టు తేలిపోయింది.

తర్వాతి వారం నేర్చుకోవడానికే సరిపోయింది. వీడియోను మన టీవీల పాల్ పద్ధతిలోకి మార్చి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 అని ఖాయం చేసుకున్నాను. షట్టర్ ఫ్రేమ్ రేటుకు రెట్టింపు ఉంటే కదలికలో కంటికి అలవాటైన మెత్తదనం వస్తుంది. ఇంట్లో లైట్లకూ అదే మంచిది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/50లో సరిగ్గా రెండు మినుకులు పడతాయి కాబట్టి తెర మీద గీతలు పారవు. మరి బయటి ఎండ సంగతి? దానికి ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, అంటే లెన్సుకు నల్లకళ్లద్దాలు. నిండు ఎండలో ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్ 2.8, 1/50 నిలబడాలంటే ఆరు స్టాపుల వెలుగు తగ్గించాలి, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. లెన్సు తర్వాత డబ్బు పెట్టాల్సింది దీనిమీదే అని నా గట్టి అభిప్రాయం.

బట్టలు కూడా మార్చాం. మాది ఎర్ర చెల్క నేల, ఎర్ర కండువా అందులో కలిసిపోతోంది. అందుకే నీలం కండువా, ఉతికి ఉతికి వెలిసిన గోధుమరంగు చొక్కా వేయించాను. నేల ఎరుపు, ఆకు పచ్చ, కండువా నీలం, ఇంకే రంగూ ఫ్రేములోకి రాకూడదని మడిలో పడి ఉన్న ప్లాస్టిక్ సంచులు కూడా ఏరేశాం. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగును, డేలైట్ దగ్గర కదలకుండా ఉంచాను. ఆటోలో వదిలితే సాయంత్రపు పసుపును కెమెరా తనే కడిగేస్తుంది.

ఇంటి లోపలి సీను దగ్గర చాలా టెన్షన్ పడ్డాను. ఉన్నవన్నీ బల్బులే, ఏది వేసినా ముఖం చప్పగా ఉంది. అప్పుడు నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గుర్తొచ్చింది. అక్కడ పొద్దు కదులుతున్నా గర్భగుడిలో నీడ పగలంతా కదలదు. లోపలికి నేరుగా ఎండ పడదు, బయటి నుంచి చెదిరి వచ్చే వెలుగుతోనే ఆ నీడ. చిన్నప్పుడు వింతగా చూసిందాన్ని ఈసారి పని నేర్చుకోవడానికి వెళ్లి గంటసేపు కూర్చుని చూశాను. ఇంటికొచ్చి బల్బులన్నీ ఆర్పేశాం. దర్వాజ నుంచి వచ్చే వెలుగు ఒక్కటే ఉంచి, పెద్దనాయనను దానికి పక్కగా కూర్చోబెట్టాం. రెండో చెంప మీద గోడ నుంచి వెలుగు తిరిగి పడుతుంటే అటువైపు నల్ల గొంగడి వేలాడదీశాం. సగం ముఖం చీకట్లోకి పోయింది. నాకు కావలసింది అదే. ఈ కెమెరాలో 50 లెన్సు దాదాపు 80లా దగ్గరగా చూపిస్తుంది, గదిలో నిలబడితే మనిషి పట్టడు. వాకిట్లోకి వెళ్లి దర్వాజలోంచి తీశాను. చౌకట్టే ఫ్రేమైంది.

బేరం సీనులో ఇద్దరి మధ్యా ఒక గీత ఊహించుకుని దానికి ఒకే పక్కన ఉండిపోయాం. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ మాట్లాడుతున్నట్టుంటుంది. కెమెరాను ఒక్కచోటే కదిలించాను, పెద్దనాయన చివరి చెట్టు దాటి వెళ్లేటప్పుడు. బల్ల మీద తువ్వాల పరిచి, దానిమీద కెమెరా పెట్టి, తువ్వాలను మెల్లగా లాగాను. మిగతా అంతా ట్రైపాడే.

మాటల కోసం కాలర్ మైకును కండువా కింద పెడితే ఒకటే గరగర. చొక్కా లోపల టేపుతో అతికిస్తే పోయింది. ప్రతి చోటా అర నిమిషం ఉత్త తోట చప్పుడు విడిగా రికార్డు చేశాం, ఎడిటింగ్‌లో కోతలన్నీ దాని కిందే దాగాయి. మా బాయిలో నీళ్లు లేవు కాబట్టి మోటరు చప్పుడు పక్క చేను నుంచి తెచ్చాం.

డావిన్చీ రిజాల్వ్‌లో ఎడిట్ చేసి, వాకిట్లో లాప్‌టాప్ పెట్టి పెద్దనాయనకు చూపించాను. మధ్యలో ఒకచోట ఆపమన్నాడు.

"గా మోటరు మనది గాదు గదరా?"

పక్క చేనుదని చెప్పాను.

"మనదానికి లోపల ఒక టక్కు వస్తుండె. ఇది సాఫ్‌గ పోతుంది."

ఆ రాత్రి పాత ఫోను తీసి వెతికాను. ఎప్పుడో చెల్లె పుట్టినరోజుకు బాయికాడ తీసిన వీడియోలో, పిల్లల అరుపుల వెనక, మా మోటరు ఉంది. అరుపులు లేని చోటు పదకొండు సెకన్లు దొరికింది. ఆ టక్కుతో సహా దాన్నే కత్తిరించి పెట్టాను.