అచ్చంపేట చెల్కల్లో దొరికిన టీఎస్ 06

జడ్చర్లలో ఒక ఆటో కన్సల్టెన్సీ వాళ్లు 2021 మోడల్ మహీంద్రా థార్ జీపుకు చెప్పిన ధర వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త బండి ధరలో లక్షన్నర తగ్గించి, అదేదో నా మీద దయ తలచినట్టు మాట్లాడారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారాక కొత్త బండ్ల ధరలు దిగాయి కదా, పాతవి ఎందుకు దిగవని అడిగితే "థార్‌కు రేటు పడదు సార్" అన్నదొక్కటే జవాబు. తెల్లవారుజామున దేవరకొండలో బస్సెక్కి కల్వకుర్తి మీదుగా అంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అనిపించింది.

నేను చేసేది పశువైద్యం. చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాలు నా రోజువారీ దారి. తారు రోడ్డు ఉన్నంతవరకు ఏ బండైనా పోతుంది. కానీ గొర్రెల మందలు తారు రోడ్డు మీద ఉండవు. గుట్టల మీదో, సాగర్ వెనుక జలాల ఒడ్డునో ఉంటాయి. నీళ్లు తగ్గిన చోట పైకి ఎండినట్టు కనిపించే నల్లమట్టి, చక్రం పడగానే లోపలికి లాక్కుంటుంది. ఇటు ఎర్ర చెల్కల్లో ఆ బాధ లేదు కానీ పలుగురాళ్లు టైరు పక్కల్ని చీరేస్తాయి. ఇప్పుడున్న చిన్న కారును చివరి తండాలో చెట్టు కింద ఆపి, మందుల పెట్టె భుజాన వేసుకొని నడుస్తున్నాను. టీకా మందు వేడెక్కిపోకుండా ఐసు పెట్టెతో ఎండలో రెండు మూడు కిలోమీటర్లు నడవడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు. రోజూ నడపడానికి పనికిరావాలి, ఆ చివరి బాట కూడా ఎక్కాలి. నాకు కావలసిన బండి అంతే. కొండలెక్కి ఫొటోలు దిగే సరదా నాకు లేదు.

నా వెంట మా ఊరి మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, జీపుల కాలం నుంచి పాన పట్టినవాడు. అప్పట్లో మన్ననూరు, పదర దారుల్లో జీపులే బస్సులు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు పోయేటప్పుడు మా నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న జీపులో లోపల ఎంతమంది ఉన్నారో, బయట వేలాడుతూ అంతమంది ఉన్నారు. రాళ్ల మీద అది ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా ఆడవాళ్లు లింగమయ్యను తలుచుకునేవారు. డ్రైవరు మాత్రం చిన్న గేరు కర్రను వెనక్కి లాగి నింపాదిగా ఎక్కించేవాడు. బండి కోసం వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ రెండో గేరు కర్రే నా కళ్లలో మెదులుతోంది.

కన్సల్టెన్సీ వాళ్లు వరుసగా నిలబెట్టిన థార్‌లలో మొదటిది తెల్లగా మెరిసిపోతోంది. మేస్త్రి తలుపు తీసి, లోపలికి తొంగిచూసి వెంటనే మూసేశాడు. "దీనికి ముందు చక్రాలకు శక్తి పోదు, వెనక చక్రాల బండి" అన్నాడు. 2023 జనవరి నుంచి ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ శక్తి పోయే ఏర్పాటు, లేని థార్ కూడా వస్తోంది, డీజిల్‌లో అయితే దానికి 1.5 లీటర్ల ఇంజను. బయటి నుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు. గేరు కర్ర పక్కన రెండో కర్ర ఉందో లేదో చూడాలి, లేదా వంగి ముందు చక్రాలకు షాఫ్టులు ఉన్నాయో లేదో చూడాలి. అమ్మేవాళ్లు ఆ సంగతి తమంతట తాము చెప్పలేదు. అడిగాక కూడా "లుక్ అదే కదా సార్" అన్నారు. లుక్ నల్లమట్టిలోంచి బయటికి లాగదు.

రెండోది ఆ ధర చెప్పిన 2021 బండి. సంతకు తెచ్చిన ఎద్దు కొమ్ములకు నూనె రాసినట్టు దాన్ని ముస్తాబు చేశారు. ఎత్తు పెంచారు, చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా పెద్ద టైర్లు వేశారు, నెత్తిన లైట్ల వరుస, ముందు ఇనుప బంపరు. వీటిలో ఒక్కటీ ఆర్సీలో లేదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో నమోదైన బండికి ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయకూడదు. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది దీన్నే. దానికన్నా నన్ను కలవరపెట్టింది వేరే. మేస్త్రి రెండో కర్రను లో గేరులోకి, అంటే నెమ్మదిగా కానీ ఎక్కువ బలంతో లాగే గేరులోకి, వేయబోతే అది కదల్లేదు. క్లచ్ తొక్కి, బండిని అంగుళం ముందుకు దొర్లించి మళ్లీ లాగాడు, అయినా పడలేదు. "ఫోర్ బై ఫోర్ ఎవరు వాడతారు సార్?" అన్నాడు యార్డులోని కుర్రవాడు. వాడనందుకే అది బిగుసుకుపోయింది. పన్నెండు లక్షలు పెట్టి ఆ కర్రను అలంకారంగా ఉంచుకోమంటున్నారు.

మూలన ఒక మారుతి జిప్సీ కూడా ఉంది. నాకు జిప్సీ అంటే ప్రాణం. టన్ను కూడా తూగని బండి, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, బురద మీద తేలిపోతుంది. కానీ 2019 తర్వాత కొత్తవి రాకపోవడంతో పాతవాటికి మోజు పెరిగి, తుప్పు పట్టినవాటికి కూడా చుక్కల్లో ధర చెబుతున్నారు. పైగా ఇది ఢిల్లీ బండి. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగకూడదని 2014, 2015లలో హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు ఇచ్చినప్పటి నుంచి అక్కడివి ఇటు బాగా వస్తున్నాయి. ధర తక్కువని కొంటే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, అన్నీ మనమే చూసుకోవాలి. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ కూడా. మేస్త్రి జిప్సీ తలుపు అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. రంగు కింద పుట్టీ పెచ్చుగా ఊడి వచ్చింది. మాట్లాడకుండా బయటికి నడిచాడు.

నాగర్‌కర్నూలు మీదుగా అచ్చంపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా ముభావంగానే ఉన్నాను. అచ్చంపేటకు అవతల ఒక వేరుశనగ రైతు దగ్గర పాత థార్ ఉందని మేస్త్రికి ఎవరో చెప్పారు. చేను గట్టున, వేపచెట్టు కింద, టార్పాలిన్ కప్పి నిలబెట్టి ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన వెండి రంగు. టీఎస్ 06 పలక. నాగర్‌కర్నూలు జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడకముందు ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా కాబట్టి, ఆ నంబరు చూడగానే బండి వయసు తెలిసిపోయింది. ఆర్సీ చూస్తే 2015 చివరిది.

ఆ మోడల్‌లో 2498 సీసీ డీజిల్ ఇంజను, 105 హార్స్‌పవర్. 2015లో చేసిన మార్పుల్లో వెనక హౌసింగుకు లాక్ వచ్చింది. అంటే వెనక ఒక చక్రం గాలిలో ఖాళీగా తిరుగుతుంటే, దానంతట అదే రెండు చక్రాలనూ కలిపి పట్టుకుంటుంది. నాలాంటి పనికి అంతకన్నా పెద్ద సాయం లేదు.

మేస్త్రి గోనెసంచి పరుచుకొని బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. నన్ను కూడా పడుకోమన్నాడు. ఫోను లైటు వెలుగులో చాసిస్ పొడవునా ఎర్రమట్టి పెళ్లలుగా అంటుకొని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీస్తే మట్టి రాలింది, కింద నల్లరంగు అలాగే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు ఎండుగడ్డి చుట్టుకుంది. ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అడుగున ఆయిల్ చెమ్మ కొద్దిగా ఉంది, బొట్టు పడటం లేదు. "ఇది సీలు. వేలతో పోతుంది, లక్షలతో కాదు" అన్నాడు. ముందు జాయింట్ల రబ్బరు బూట్లు ఒక్కొక్కటీ మడతలు విప్పి చూపించాడు. ఎడమవైపు దానికి సన్నని చీలిక ఉంది, లోపల గ్రీజు ఇంకా నల్లబడలేదు. వెనక కమాన్ పట్టీల్లో ఒకటి కొత్తగా ఉంటే రైతును అడిగాడు. "వేరుశనగ బస్తాలు ఎక్కువయ్యాయి అన్నా, విరిగితే మార్చాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకు ఆ జవాబు బాగా నచ్చింది. విరిగిన పట్టీని కూడా కొట్టంలోంచి తెచ్చి చూపించాడు.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టడం, వెనక మ్యాటు ఎత్తి నేల తుప్పు చూడటం, చాసిస్ నంబరును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చడం, ఇవన్నీ త్వరగానే అయ్యాయి. తర్వాత బండిని వాగులోకి దించాం.

వాగు ఎండిపోయి ఇసుక తేలి ఉంది. అవతలి ఒడ్డు నిటారుగా ఉన్న రాతి దారి. మేస్త్రి బండి పూర్తిగా ఆపించి, న్యూట్రల్‌లో పెట్టించి, అప్పుడు రెండో కర్ర లాగమన్నాడు. కర్ర టక్కున పడింది. ఆయన దిగి, ముందు చక్రం పక్కన నిలబడి, చేత్తో రమ్మని సైగ చేశాడు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి ఇసుకలో పాకుతూ వచ్చింది. ఒడ్డు ఎక్కేటప్పుడు వెనక కుడిచక్రం గుంట మీద గాలిలోకి లేచి గిర్రున తిరిగింది, కింద ఏదో గట్టిగా పట్టుకున్న చప్పుడు, మరుక్షణం బండి పైన ఉంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కనివ్వలేదు. మొదటి గేరులో ఇంజనే పట్టుకొని ఒక్కో రాయి మీద దింపింది. సలేశ్వరం జీపు డ్రైవరు అంత నింపాదిగా ఎందుకు ఉండేవాడో నాకు అక్కడ అర్థమైంది.

రైతు ఇంటి ముందు సిమెంటు వాకిలికి రాగానే "తియ్యండి, తియ్యండి" అని మేస్త్రి కేక వేశాడు. గట్టి నేల మీద ఫోర్ బై ఫోర్‌లో తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఈ బండిలో ఆ తేడాను సర్దుకునే ఏర్పాటు మధ్యలో లేదు కాబట్టి ఒత్తిడంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. పట్నంలో తారు రోడ్డు మీద అలా తిప్పి చూపించేవాళ్ల దగ్గర బండి కొనవద్దని కూడా చెప్పాడు.

హాజీపూర్ చౌరస్తా దాకా వెళ్లి, శ్రీశైలం రోడ్డు మీద కూడా నడిపాను. రోజువారీ సంగతి తేలేది అక్కడే కదా. ఎనభై దాటితే గుడ్డ టాపు హోరు. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక పట్టీలు నడుముకు తెలుస్తాయి. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక సీట్లు పక్కలకు తిరిగి ఉంటాయి. ఆ సీట్లలో నా పిల్లలను కూర్చోబెట్టి హైవే ఎక్కను, అది ముందే తేల్చుకున్నాను. ఇంటిల్లిపాదీ తిరగడానికి, తీరిక రోజుల్లో మట్టిబాట ఎక్కడానికి ఒకే బండి కావాలంటే నేను 2023 తర్వాతి మారుతి జిమ్నీనే వెతుక్కుంటాను. నలుగురికే చోటు, పెట్రోలు ఖర్చు ఎక్కువే, కానీ లో గేరు ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి పోయే రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ ప్రయాణానికి ఇంకా సుఖం, దానికి లో గేరు లేదు. నా పని వేరు. మందుల పెట్టె, ఐసు పెట్టె, అప్పుడప్పుడు ఈనలేక అవస్థ పడుతున్న ఒక మేక, పక్కన కాపరి. వాటికి ఈ పక్క సీట్లు మడిస్తే చాలు.

బేరం చాయ్ దగ్గర జరిగింది. రైతు ఆరు లక్షల పాతిక వేలు అన్నాడు. నాలుగు టైర్లు అరిగిపోయాయి, బూటు, సీలు, క్లచ్ కూడా దగ్గరపడింది. ఇవన్నీ మేస్త్రి వేళ్ల మీద లెక్కగట్టి చెప్పాక ఐదు లక్షల అరవై వేల దగ్గర ఆగాం. బోనులో ఉన్న కోడిని కోస్తానని రైతు భార్య పట్టుబట్టింది, బస్సు పోతుందని వద్దన్నాను.

ఆర్సీలో బ్యాంకు హైపోథికేషన్, అంటే అప్పు కింద బండి తాకట్టు ఉన్నట్టు రాత, ఇంకా ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయిందని రైతు చెప్పాడు, తీరినట్టు రసీదు కూడా చూపించాడు. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు. అయినా బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా అది ఆర్సీలోంచి పోదు, అది పోకుండా 29, 30 ఫారాలు ఇచ్చినా బండి పేరు మార్పు సాఫీగా సాగదు. పదివేలు బయానా ఇచ్చి, మిగతాది బ్యాంకు కాగితం చేతికొచ్చిన రోజే ఇస్తానని చెప్పాను. "అట్లాగే సార్, అప్పటిదాకా టార్పాలిన్ తీయను" అన్నాడు రైతు. మేస్త్రి మాత్రం ఎడమ బూటు చీలికకు ప్లాస్టిక్ సంచి కట్టి, తాడు బిగించి, అప్పుడు గాని బస్సుకు కదల్లేదు.