దిండు కింద చెంచా

పొద్దున్న ఏడున్నరకి పాపకి జడ వేస్తుంటే బోస్టన్ నుంచి అక్క వీడియో కాల్. అక్కడ రాత్రి తొమ్మిది. అక్క కూతురు నైట్‌డ్రెస్ తిరగేసి వేసుకుని, దిండు కింద చెంచా దాస్తోంది. "ఇలా చేస్తే మంచు పడి రేపు స్కూల్ ఉండదు పిన్నీ!" అంది. అక్కడి పిల్లలందరికీ ఇదో నమ్మకమట.

రోడ్ల మీద మంచు తీయగలరా, బస్సులు తిరుగుతాయా చూసుకుని అక్కడి స్కూళ్ల సూపరింటెండెంట్ తెల్లారకముందే సెలవో కాదో చెప్పేస్తారట. అయితే ఏడాదికి 180 రోజులు బడి జరగాలి కాబట్టి ఆ సెలవులు జూన్‌లో పూడ్చాలి. న్యూయార్క్‌లో మరీ అన్యాయం, మంచు పడినా చాలాసార్లు ఆన్‌లైన్ క్లాసులే. 2024 ఫిబ్రవరిలో అలాగే పెడితే లాగిన్‌లు మొరాయించాయి. పిల్లల ఉసురు తగిలిందంటాను నేను.

మన వైజాగ్‌లో మంచెక్కడిది! వాయుగుండం అనగానే 'కలెక్టర్ గారు సెలవిచ్చారా?' అని వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్. మొన్నోసారి రెయిన్‌కోట్ తొడిగి, ఆటో ఎక్కించి, తడిసిన చెప్పులతో ఇంటికొచ్చాక వచ్చింది స్కూల్ మెసేజ్: 'ఈరోజు సెలవు'. ఆటో అప్పటికే ఎంవీపీ కాలనీ దాటేసింది.

హుద్‌హుద్ తుఫాను సంగతి వేరు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ సెలవులు ఎవరూ కోరుకున్నవి కావు. కరెంటు లేక, నీళ్లు లేక, విరిగిన చెట్లు దాటుకుంటూ పాల కోసం తిరిగాం.

సాయంత్రం నాలుగింటికి అక్క మెసేజ్: "చెంచా పనిచేసింది. ఇప్పుడు నేను ఆఫీసుకి సెలవు పెట్టాలి."