రాత్రికి క్యాంపర్ వ్యాన్ ఎక్కడ ఆపాలి

వ్యాన్‌లో పడుకోవాలనగానే చాలామంది మనుషులు కనపడని చోటు వెతుకుతారు. మన హైవేల మీద ఆ లెక్క తప్పు. రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండే చోటే భద్రం. అలాంటి వాటిలో మొదటిది, పెద్దగా ఖర్చు లేనిది, ఇరవై నాలుగు గంటలూ నడిచే పెట్రోలు బంకు.

ఊళ్లో ఉండే ఇరుకు బంకులు పనికిరావు. ఇండియన్ ఆయిల్ స్వాగత్, భారత్ పెట్రోలియం ఘర్ లాంటివి హైవే మీద లారీ డ్రైవర్ల కోసం పెట్టినవి. జాగా, బాత్రూములు, ఢాబా అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. చీకటి పడకముందే చేరండి. వెలుతురుంటేనే నేల మెత్తదనం, గుంతలు, పైన వేలాడే తీగలు తెలుస్తాయి. ముందు డీజిల్ కొట్టించండి. తర్వాత నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి, "అన్నా, ఫ్యామిలీతో ఉన్నాం. రాత్రికి బండి ఇక్కడే పెట్టుకుని, పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరతాం. ఏ పక్కన పెట్టమంటారు?" అని అడగండి. ఆయన చెయ్యి చూపించిన చోట పెడితే మధ్యరాత్రి ఎవరూ లేపరు. పంపు దగ్గర కుర్రాడిని అడిగి ఊరుకుంటే షిఫ్టు మారగానే ఆ మాట చెల్లదు.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోవాలి. నేల మీద వరసగా ఇనుప మూతలుంటే అవి ట్యాంకుల్లోకి ఆయిల్ దించే చోటు. ట్యాంకరు అర్ధరాత్రి వచ్చినా బండి తీయాల్సిందే. దగ్గర్లో నిటారుగా నిలబెట్టిన సన్నటి గొట్టాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది, అక్కడ అసలు ఆపకూడదు. జనరేటరుకి, గాలి మిషనుకి దూరంగా ఉండాలి. ఇక బంకు ఆవరణలో స్టవ్ వెలిగించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వంట దారిలోనే ముగించుకోండి, లేదా ఢాబాలో తినండి.

విజయవాడ నుంచి విశాఖ వైపు 16వ నంబరు హైవే మీద ఇంకో చిక్కుంది. భీమవరం వైపు నుంచి వచ్చే రొయ్యల కంటైనర్లకి కూలింగ్ మిషను రాత్రంతా ఆడుతూనే ఉంటుంది. చేపల లారీల కిందైతే ఐసు నీళ్లు కారుతుంటాయి. వాటి పక్కన పడితే నిద్రా ఉండదు, పొద్దున్నకి వాసనా వదలదు.

బండి ముందుభాగం బయటికి వెళ్లే దారి వైపు ఉండాలి. తల పెట్టుకునే వైపు కాస్త ఎత్తుగా ఉండాలి. సగం నీళ్లున్న బాటిల్‌ని పరుపు మీద పడుకోబెడితే వాలు తెలిసిపోతుంది. ఎదురెదురు కిటికీలు రెండేసి వేళ్లు దించి, దోమల మెష్ బిగించండి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 12 వోల్టుల చిన్న ఫ్యాను 2 ఆంపియర్లు లాగినా పది గంటలకి 20 ఆంపియర్ అవర్లే. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే రకం 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం కన్నా దిగకుండా రెండు రాత్రులు లాగుతుంది. డీజిల్ మూతకి తాళం ఉండాలి, స్టెప్నీకి కూడా.

బంకు దొరక్కపోతే ఢాబా. కడుపునిండా తిని ఓనరుని అడిగితే కాదనడం అరుదు. సూర్యాపేట దగ్గర బస్సులు ఆగే హోటళ్లు మాత్రం వద్దు. హైదరాబాద్‌లో రాత్రి విజయవాడ వైపు బయల్దేరిన ప్రైవేటు బస్సులు చాలావరకు అర్ధరాత్రి అటూ ఇటూగా అక్కడే ఆగుతాయి. గుడి పార్కింగ్ చవకే, కాపలా కూడా ఉంటుంది. కానీ పండగలకి, శని ఆదివారాలకి జాగా దొరకదు. తిరుమలకి వెళ్లే బండిలో మందు, మాంసం, సిగరెట్లు ఉంచకండి. అలిపిరిలో తనిఖీ చేసి ఆపేస్తారు.

హైవే అంచున తెల్లగీత పక్కన ఆపి పడుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. తెల్లవారుజామున కునికే డ్రైవరు వెనకనుంచి వచ్చి గుద్దితే వ్యాన్ తట్టుకోదు. బండి చెడిపోయి ఆగక తప్పకపోతే హజార్డ్ లైట్లు వేసి, ఎర్రటి హెచ్చరిక ట్రయాంగిల్‌ని బాగా వెనక పెట్టి, అందరూ రోడ్డు దిగి దూరంగా నిలబడి 1033కి ఫోన్ చేయాలి. అది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైను. నది ఇసుకలోకి బండి దించకండి. పైన డ్యాము గేట్లు ఎత్తితే నీళ్లు రాత్రే వచ్చేస్తాయి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారి మూసేస్తారు. ఎనిమిదిలోపు అక్కడికి చేరలేమనిపిస్తే అచ్చంపేట వైపే ఆగిపోయి, పొద్దున్నే కదలండి.