టేబుల్ మీద సాసు సీసాని నమ్మొచ్చా?

గ్లూటెన్ (గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే ప్రోటీన్) పడని వాళ్లం రెస్టారెంట్‌కి వెళ్తే మెనూ అంతా జల్లెడ పడతాం, ఏ వంటకంలో గోధుమ పిండి ఉంది, దేంట్లో లేదు అని. తీరా ప్లేటు వచ్చాక పక్కనున్న సాసు మాత్రం ఆలోచించకుండా పిండేసుకుంటాం. నాకు అసలు టెన్షన్ అక్కడే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది సోయా సాస్. మామూలు సోయా సాస్‌ని సోయా గింజలతో పాటు గోధుమలు కూడా వేసి పులియబెడతారు. తమారి అనే జపనీస్ సోయా సాస్ రకంలో చాలావరకు గోధుమ ఉండదు గానీ కొన్నింట్లో కాస్త వేస్తారు, కాబట్టి దాన్నీ చూసే తీరాలి. "పులిస్తే గ్లూటెన్ పోతుందిగా" అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోదు, ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని మామూలు టెస్టులు సరిగ్గా పట్టుకోలేవు, అందుకే రిపోర్టులో తక్కువ వచ్చిందన్న మాటని నేను లెక్కలోకి తీసుకోను. పైగా ఇదే సోయా సాస్ టెరియాకీ, హోయ్‌సిన్ అనే సాసుల్లోనూ, కొన్ని బార్బెక్యూ సాసుల్లోనూ కలిసిపోయి ఉంటుంది.

వెనిగర్ సంగతి తేలిక. డిస్టిల్డ్ అయితే భయం లేదు, మాల్ట్ వెనిగర్ అయితే వద్దు, అది బార్లీతో చేసేది. టమాటా కెచప్, మయోనైజ్ చాలావరకు ఫర్వాలేదు. మస్టర్డ్‌లో కొన్నిసార్లు చిక్కదనం కోసం గోధుమ పిండి కలుపుతారు.

లేబుల్ చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. అమెరికాలో అలర్జీ హెచ్చరికలో గోధుమ పేరు రాయడం తప్పనిసరి, బార్లీకి ఆ నిబంధన లేదు. అంటే "గోధుమ ఉంది" అన్న హెచ్చరిక కనిపించనంత మాత్రాన గ్లూటెన్ లేనట్టు కాదు, పదార్థాల జాబితాలో మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) కోసం కూడా వెతకాలి. ప్యాకెట్ మీద గ్లూటెన్-ఫ్రీ అని ఉంటే మాత్రం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, అది చట్టం పెట్టిన హద్దు.

ఇంత చదివినా టేబుల్ మీది సీసాకి ఈ చదువు పనికిరాదు. దాని మీద ఒక కంపెనీ పేరుంటుంది, లోపల ఇంకేదో పెద్ద డబ్బాలోంచి నింపింది ఉంటుంది. మూతి దగ్గర ఎవరి బ్రెడ్డు పొడో అంటుకుని ఉంటుంది. గిన్నెలో పెట్టే సాసయితే మరీ ఘోరం, బ్రెడ్డుకి రాసిన చెంచానే మళ్లీ అందులో ముంచుతారు.

అందుకని "ఇందులో గ్లూటెన్ ఉందా అండీ" అని వెయిటర్‌ని అడగడం నేను మానేశాను, పాపం ఆయన లేదనే అంటాడు, ఆయనకేం తెలుసు. "దీన్ని ఏ డబ్బాలోంచి నింపారు, ఆ డబ్బా ఒకసారి చూపిస్తారా" అని అడుగుతాను. డబ్బా అయినా తెస్తారు, కనీసం లేబుల్ ఫోటో అయినా తీసుకొస్తారు. రద్దీ లేని వేళ ముందే ఫోన్ చేసి అడిగితే ఇంకా ఓపిగ్గా చెప్తారు. చూపించడానికి మొహమాటపడితే ఆ సాసు ముట్టుకోను. చిన్న సాషేలు ఇస్తే కొంత నయం, కాకపోతే చాలా సాషేల మీద పదార్థాలు రాయరు, అవి వచ్చిన అట్టపెట్టె మీదే ఉంటాయి, కాబట్టి ఆ పెట్టెనే అడగండి.