కరెంటు బిల్లు అడిగినందుకు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా ప్రిన్సిపాల్ గారు సర్క్యులర్ మీద సంతకం పెట్టారు. రాత్రి తొమ్మిది దాటాక కంప్యూటర్ ల్యాబుల మెయిన్ కట్టేయాలి. ఏసీలు 24 డిగ్రీల కంటే కిందికి దించకూడదు. హాస్టల్లో పాత ఫ్యాను కాలిపోతే దాని స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానే బిగించాలి. ఈ మూడు వాక్యాల కోసం మేం విద్యార్థులం ఏడాదిగా తిరిగాం. ఇంకో కాలేజీలో ఎవరైనా ఇదే పని తలపెడితే ఉపయోగపడుతుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. కాలేజీ వల్ల ఎంత కార్బన్ వెలువడుతోందో లెక్క కట్టాలనుకున్నాం. బృందం కట్టడానికి ఇబ్బంది పడలేదు. ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం వాళ్లం ముందుకొచ్చాం, సివిల్ వాళ్లు కలిశారు. లెక్క కట్టే పద్ధతీ తేలికే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే వివరాల ప్రకారం గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. జనరేటర్‌లో కాలే లీటరు డీజిల్‌కు దాదాపు 2.7 కిలోలు. ఎన్ని యూనిట్లు వాడుతున్నామో తెలిస్తే మిగతాదంతా గుణకారమే.

ఆ యూనిట్ల సంఖ్య దగ్గరే మమ్మల్ని ఆపేశారు.

కరెంటు బిల్లులు అకౌంట్స్ విభాగంలో ఉంటాయి. వెళ్లి అడిగితే హెచ్‌ఓడీ ఉత్తరం తెమ్మన్నారు. తెచ్చాం. ప్రిన్సిపాల్ ఆమోదం కావాలన్నారు. అదీ తెచ్చాం. అప్పుడు అక్కడి అధికారి ఆ కాగితం చదవకుండానే పక్కన పడేసి, "బిల్లులు మీకెందుకమ్మా? ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నారు. కాలేజీ వల్ల ఎంత కార్బన్ వెలువడుతోందో లెక్క కడుతున్నామని చెప్పాను. ఆయన నా రోల్ నంబరు అడిగి, కంప్యూటర్‌లో నా ఫీజు ఖాతా తెరిచారు. బయట ఫీజు కట్టడానికి తల్లిదండ్రులు వరుసలో ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా, "రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునే పిల్లవి, ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బే ఇంకా రాలేదు, నీకు కాలేజీ లెక్కలు కావాలా? హాజరు 75 శాతం ఉందో లేదో చూసుకో ముందు" అన్నారు.

నాతో వచ్చిన ఇద్దరు అబ్బాయిలను ఆయన ఒక్క మాట అనలేదు. వాళ్లు యాజమాన్య కోటా వాళ్లు. వరుసలో ఉన్న ఒక పెద్దాయన నా వైపు జాలిగా చూశారు. ఆ జాలి ఆ అధికారి మాటల కంటే ఎక్కువ బాధపెట్టింది. నా హాజరు 90 దాటింది, సెమిస్టర్ మార్కుల్లో మా బ్రాంచిలో రెండో స్థానం నాది. ఇవేవీ ఆ కిటికీ దగ్గర చెప్పుకోవలసిన అవసరం నాకు లేదు కాబట్టి చెప్పలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరూ దయతలచి వేసిన భిక్ష కాదు, చట్టసభ ఆమోదించిన బడ్జెట్ సొమ్ము. దానిమీద చదివే పిల్లలు ప్రశ్న అడగకూడదని ఎక్కడా రాసి లేదు.

మాకు దారి చూపింది కాలేజీ ఎలక్ట్రీషియన్ బాబాయి. సబ్‌స్టేషన్ గది దగ్గర మా మొహాలు చూసి సంగతి అడిగాడు. విని, బీరువాలోంచి అట్ట చిరిగిన లాగ్‌బుక్ తీసి బల్ల మీద పెట్టాడు. కాలేజీకి వచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ మీటరు రీడింగు, నెలనెలా నమోదైన గరిష్ఠ డిమాండు (ఆ నెలలో ఒకేసారి లాగిన అత్యధిక లోడు), జనరేటర్ నడిచిన గంటలు, పోసిన డీజిల్ అన్నీ రోజువారీగా అందులో ఉన్నాయి. "మీటరు మీద కనిపించే అంకె యూనిట్లు కాదమ్మా, ఎంఎఫ్‌తో, అంటే మీటరుకు ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి" అని అదీ ఆయనే చెప్పాడు. నాలుగు గోడల మధ్య మాకు అంత విద్యుత్ పాఠం ఎవరూ చెప్పలేదు. అందుకే నా సలహా ఒక్కటే: అకౌంట్స్ గడప తొక్కకండి, నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.

లాగ్‌బుక్‌లో మాకు దొరికిన అసలు విషయం సంక్రాంతి సెలవులు. హాస్టళ్లు ఖాళీ, తరగతులు లేవు. అయినా వాడకం మామూలు రోజులో మూడో వంతుకు పైగానే ఉంది. రాత్రి సెక్యూరిటీ అన్నతో కలిసి తిరిగి చూశాం. ల్యాబుల్లో కంప్యూటర్లు, వాటి యూపీఎస్‌లు, సర్వర్ గది కోసం పెట్టి పక్క గదుల్నీ చల్లబరుస్తున్న ఏసీలు, ట్యాంకు నిండినా ఆగని పంపు. మనుషులే లేని చోట బొగ్గు కాలుతోంది.

ఫ్యాన్ల లెక్క మరింత సూటిగా ఉంది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. హాస్టల్ గదిలో రోజుకు పదిహేను గంటలు నడిచిందనుకుంటే ఒక్క ఫ్యానుకే రోజూ 0.6 యూనిట్‌కు పైగా మిగులుతుంది. ఫ్యాను ధర రెండు మూడేళ్లలో తిరిగొచ్చేస్తుంది.

ఇవన్నీ చూపించినా యాజమాన్యం కదల్లేదు. కదిలించింది డిమాండు చార్జీ. హెచ్‌టీ కనెక్షన్‌కు వాడినా వాడకపోయినా విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న డిమాండులో కనీసం 80 శాతానికి చార్జీ కట్టాలి. మా కాలేజీ గరిష్ఠ డిమాండు ఏ నెలలోనూ ఆ గీత దగ్గరికి రాలేదు. అంటే ఏళ్ల తరబడి వాడని దానికి డబ్బు కడుతున్నారు. ఇది కనిపెట్టింది నేనే, గర్వంగానే చెబుతున్నాను. దీన్ని సరిచేస్తే కార్బన్ ఒక్క గ్రాము తగ్గదు. కానీ ఆ కాగితం చూశాకే కరస్పాండెంట్ గారు మమ్మల్ని కూర్చోమన్నారు, మిగతా పేజీలు తిప్పారు. పైకప్పు మీద కంపెనీయే తన ఖర్చుతో ప్యానెళ్లు పెట్టి యూనిట్ లెక్కన డబ్బు తీసుకునే రెస్కో పద్ధతిలో సోలార్ గురించి కూడా కొటేషన్లు తెప్పిస్తామన్నారు.

ఒక అధ్యాపకుడు మాత్రం చివరిదాకా "ఇదంతా ఎందుకు, మొక్కలు నాటండి, ఫొటోలు న్యాక్ ఫైలులో పెట్టుకోవచ్చు" అంటూనే ఉన్నారు. న్యాక్ అంటే కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ. మొక్కలంటే నాకూ ఇష్టమే. కానీ ఈ రోజు నాటిన మొక్క చెట్టై, చెప్పుకోదగ్గంత కార్బన్ పీల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ల్యాబు స్విచ్ ఈ రాత్రే ఆపవచ్చు. 1950లో మొదలైన వనమహోత్సవాన్ని ఏటా ఫొటో కోసం జరిపి, అదే గుంటలో మళ్లీ కొత్త మొక్క పెట్టడం పర్యావరణ సేవ ఎలా అవుతుందో ఆయన ఆలోచించాలి.

ఇక మెస్ మిగిలింది. ఇన్‌చార్జి గారు అడిగిన రోజే సిలిండర్ల రిజిస్టరు చేతికిచ్చారు. కిలో గ్యాస్ కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే 19 కిలోల సిలిండర్ ఒక్కోటి 57 కిలోలు. సోమవారం నుంచి పళ్లాల్లో మిగిలే అన్నం కూడా తూకం వేస్తున్నాం. బయోగ్యాస్ ప్లాంటుకు అది సరిపోతుందో లేదో ఈ సెమిస్టర్ చివరికి తేలుతుంది.