బోనం లేవకముందు కాగే డప్పు

ఆషాఢం రాంగనే అందరం బోనాల ఫోటోలు పెడ్తం, పసుపు, వేపాకు, పోతరాజు, ఘటం... నాకు మాత్రం బోనం లేవకముందు ఉండే ఆ పది నిమిషాలంటేనే పాణం. గుడి పక్కన ఇంత గడ్డో చిత్తుకాయిదాలో ముట్టిచ్చి డప్పులోల్లు చుట్టూ నిలబడ్తరు, డప్పును సెగకు అటు ఇటు తిప్పుకుంట, నడుమ నడుమ వేలుతోటి కొట్టి చెవి పెట్టి వింటరు, ఇంకా కాలేదని మళ్ల మంట మీదికి వంచుతరు. నా లెక్కల పూజ ఆడ్నే మొదలైతది.

ఎందుకు కాగబెడ్తరంటే, డప్పుకు కట్టేది తోలు, వానకాలం తేమకు అది సాగి వదులైతది, అప్పుడు ఎంత గట్టిగ కొట్టినా బొద్దు సప్పుడే. సెగ తగిలితే తేమ పోయి తోలు ముడుచుకుందామని చూస్తది, కానీ చుట్టూ ఉన్న చెక్క చట్రం ముడుచుకోనియ్యదు, ఆ గుంజులాటే బిగువు. బిగువు ఎక్కినకొద్దీ తోలు జల్ది జల్ది అదురుతది, సప్పుడు ఖంగుమని పైకి లేస్తది. కుడిచేతిల ఉన్న సిర్ర, అంటే పొట్టి మొద్దు పుల్ల, నడిమిట్ల పడితే లోతైన దెబ్బ, ఎడమచేతిల ఉన్న చిటికెన పుల్ల అంచు మీద ఆడితే సన్నటి పలుకు. 2014ల బోనాలు రాష్ట్ర పండుగ అయినయి, మస్తు సంబురం, కానీ డీజే బాక్సులు ఎక్కువైనకాడ ఈ మంట కనవడ్తలేదు, అది నాకు నిజంగ బాధ. ఇంకో మాట కూడా చెప్పాలె, డప్పు కొట్టేటోళ్లను ఎన్నో ఊర్లల్ల గడప బయటనే నిలబెట్టిన్రు, అమ్మవారు మాత్రం వాళ్ల ఎనకనే నడిచింది.

బోనం కుండ సప్పుడుదీ ఇదే కథ. కొనేటప్పుడు పెద్దోళ్లు వేలు మడిచి కొట్టి చూస్తరు కదా, ఖణేల్‌మంటే తీసుకుంటరు, బొద్దుమంటే పక్కకు పెడ్తరు. సన్నటి పగులున్నా అదురు ఆడ్నే తెగుతది. కాలని మట్టి అయితే కొట్టిన దెబ్బను తనే మింగేస్తది, కుమ్మరి ఆవంల (కుండలు కాల్చే బట్టీల) కాలి రేణువు రేణువు అతుక్కున్నంకనే కుండకు గొంతు వస్తది.

ఎల్లమ్మ కథ చెప్పే బవనీలోల్ల జమిడిక అనే వాయిద్యంల కూడా అంతా బిగువు మీదనే ఉంటది. తోలు నడిమిట్ల నుంచి ఒక నరం వస్తది, దాని కొసను చేత్తోటి గుంజి పట్టుకోని పుల్లతోటి మీటుతరు, నరం అదురు తోలుకు, తోలు అదురు డొల్లల గాలికి. గుంజితే స్వరం ఎక్కుతది, వదిలితే జారుతది, రేణుక ఎల్లమ్మ తల తెగే కాడ అది మనిషి ఏడ్చినట్టే వినిపిస్తది.

ఇవన్నీ మనసుల పెట్టుకోని బోనాలల్ల రంగం అనే ఘట్టం సూడుండ్రి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిల బోనాల మర్నాడు భవిష్యవాణి చెప్పే ఆమె ఎక్కి నిలబడేది పచ్చి కుండ మీద. ఆవం సూడని కుండ, వేలుతోటి కొట్టినా పలకనిది. దాని మీద నిలబడి అమ్మ మాట్లాడుతుంటే వేలమంది ఊపిరి బిగబట్టి వింటరు.